కాగితం డైనోసార్ కిట్లు కొనేవాళ్ళూ, కాస్త చూసుకుని కొనండి

పిల్లలతో కాగితం డైనోసార్లు చేయిద్దామని ఆన్‌లైన్‌లో కిట్ వెతుకుతున్నారా? డబ్బు పెట్టే ముందు నా గోడు వినండి.

ఫోటోలో స్టెగోసారస్ నాలుగు కాళ్ళ మీద ఠీవిగా నిలబడి ఉంది. కత్తెరతో, జిగురుతో పని లేదు, ముక్కలు ఊడదీసి గాట్లలో దూరిస్తే చాలన్నారు. తీరా వచ్చింది ప్రింటర్ కాగితం కంటే రవ్వంత మందం. ప్రింటర్ కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క) ఉంటుంది. నిలబడే బొమ్మకి 200 పైబడిన అట్ట ఉంటే గానీ కాళ్ళు ఆగవు. అమ్మకం పేజీలో జీఎస్ఎం అంకె ఎక్కడా లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

ముక్కల చుట్టూ చిల్లులు సరిగ్గా పడలేదు. మా ఐదేళ్ళవాడు తోక లాగితే దాంతో పాటు సగం నడుం ఊడొచ్చింది. ఇక గాట్లు. గాటు వెడల్పు అట్ట మందానికి సరిపోతేనే ముక్క బిగుస్తుంది. వీటిలో వేలు పట్టేలా ఉంది. చేసేది లేక జిగురు పూశాను. తడికి కాగితం ఉబ్బి, ముడతలు పడి, బొమ్మ కాళ్ళు చాపేసింది. ‘చచ్చిపోయింది’ అని వాడు తేల్చేశాడు. అది చచ్చి 15 కోట్ల ఏళ్ళయిందిరా అందామనుకుని, వాడి మొహం చూసి ఊరుకున్నాను.

ఇంతవరకూ అయితే నవ్వి వదిలేసేదాన్ని. అంటించడానికి ఇచ్చిన బుల్లి ప్లాస్టిక్ కళ్ళు గంట తిరక్కుండానే రాలిపోయాయి. పాకే చంటిది ఒకటి నోట్లో పెట్టుకుంది. చూశాను కాబట్టి సరిపోయింది. గొంతులో ఇరుక్కునే ఇలాంటి చిన్న వస్తువులు మూడేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఈ డబ్బా మీద ‘రెండేళ్ళు దాటినవారికి’ అని ఉంది!

అన్నట్టు, టీ రెక్స్ చేతికి మూడు వేళ్ళు గీశారు. ఉండేవి రెండే. మావాడే పట్టుకున్నాడు. రెక్కలున్న టెరనోడాన్‌నీ డైనోసార్ల లెక్కలో కలిపేశారు. అది ఎగిరే సరీసృపం, డైనోసార్ కానే కాదు.

వెనక్కి పంపుతామంటే తెరిచిన సరుకు తీసుకోం అన్నారు. మీరు మాత్రం ముక్కలు ఊడదీయక ముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. కొన్నవాళ్ళ ఫోటోల్లో బొమ్మ నిలబడి ఉందో లేదో చూడండి. నేను నమ్మిన ఐదు నక్షత్రాలవాళ్ళంతా తెరవని డబ్బా ఫోటోలే పెట్టారని తర్వాత గమనించాను.

చివరికి ఆ డబ్బా అట్టే పనికొచ్చింది, కిట్ మొత్తంలో గట్టిది అదొక్కటే మరి. చిరిగిన ముక్కల్ని దాని మీద పరిచి, చుట్టూ గీసి, నేను కత్తిరించాను. వాడు రంగులేశాడు, తోకకి నాలుగు ముళ్ళు లెక్కపెట్టి మరీ అంటించాడు. కళ్ళు పెన్నుతోనే దిద్దాం. ఒక కాలు పొట్టిదైంది గానీ, నిలబడింది.