ఈస్టర్ వారం లేక్ డిస్ట్రిక్ట్‌లో అమ్మానాయనలతో: వానకంటే గాలిని చూసుకోండి

మా అమ్మానాయనలు మార్చి చివర్లో ధర్మవరం నుంచి లెస్టర్ వచ్చారు. పాపకు ఈస్టర్ సెలవులు, మాకూ వారం లీవు దొరికింది, సరే అని ఇంగ్లండ్ వాయవ్య మూలన కొండలు, చెరువులు ఉండే లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆరు రాత్రులు బుక్ చేశాం. ఏప్రిల్ అంటే వసంతం, పూలు పూస్తాయి, చలి పోయుంటుంది అనుకుని చాలామంది మనవాళ్ళు అమ్మానాన్నలను ఈ నెలలోనే పిలిపించుకుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. శివరాత్రికి చలి శివశివా అని పోతుందని మన సామెత, ఇక్కడ మాత్రం పోయినట్టే పోయి ఏప్రిల్‌లో మళ్ళీ వస్తుంది. కంచెల మీద బ్లాక్‌థార్న్ అనే ముళ్ళపొద తెల్లగా పూసే రోజుల్లో వచ్చే ఈ చలికి ఇక్కడివాళ్ళు బ్లాక్‌థార్న్ వింటర్ అని పేరే పెట్టుకున్నారు. మేము వెళ్ళిన వారం సరిగ్గా అదే. అట్లాంటిక్ మీది నుంచి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ఒకటి దాటగానే వాయవ్యం నుంచి చల్లగాలి, ఆ గాలిలో పది నిమిషాలు ఎండ, పది నిమిషాలు జల్లు, మధ్యలో సగ్గుబియ్యం లాంటి వడగళ్ళు. పగలు 7, 8 డిగ్రీలు దాటలేదు.

మొదటి మూడు రాత్రులు బారోడేల్ లోయలో ఒక కాటేజీ తీసుకున్నాం. ఫొటోల్లో రాతి గోడలు, కట్టెల పొయ్యి, కిటికీలోంచి వాగు, చూసినవాళ్ళెవరైనా బుక్ చేస్తారు. వెళ్ళాక తెలిసింది ఏంటంటే ఆ ఇంట్లో ఉన్నవి రాత్రిపూట చవక కరెంటుతో వేడెక్కి పగలంతా ఆ వేడిని మెల్లగా వదిలే స్టోరేజ్ హీటర్లు. మేము బయట తిరిగి తడిసి సాయంత్రం ఐదుకు ఇల్లు చేరేసరికి అవి చల్లబడిపోయి ఉండేవి. మనకు వేడి కావాల్సింది అప్పుడే కదా. పొయ్యిలోకి ఒక బుట్ట కట్టెలు ఇచ్చారు, అవి ఒక్క రాత్రికే అయిపోయాయి, మిగతావి కొనుక్కోవాలట, ఆ సంగతి బుక్ చేసేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. తడి బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు. మొదటి రాత్రే అమ్మ చీర కింద థర్మల్స్, పైన రెండు స్వెటర్లు, ఆ పైన శాలువా కప్పుకుని "చలి ఎముకల్లోకి పోతాంది రా" అంది. ఆ మాట విని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. 68 ఏళ్ళ మనిషిని తెచ్చి ఇక్కడ పెట్టానే అని టెన్షన్. మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని కెజిక్ అనే ఊరికి వెళ్ళి ఒక చిన్న ఫ్యాన్ హీటర్, రెండు వేడినీళ్ళ సంచులు, కట్టెలు కొనుక్కొచ్చాను. పెద్దవాళ్ళతో కాటేజీ తీసుకుంటుంటే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే, సాయంత్రం ఆరింటికి ఆ ఇంట్లో ఏ హీటింగు, ఎవరి చేతిలో ఉంటుంది అని. వ్యూ సంగతి తర్వాత.

అయితే ఆ లోయలో ఉండటం వల్లే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండే రోజు దొరికింది. బారోడేల్ చివర్లో సీత్‌వెయిట్ అని ఒక చిన్న ఊరు, ఊరంటే ఒక ఫారమ్, నాలుగు ఇళ్ళు, రోడ్డు అక్కడితో అయిపోతుంది. ఇంగ్లండ్‌లో మనుషులు కాపురముండే చోట్లలో అత్యధిక వాన పడేది అక్కడే, ఏడాదికి దాదాపు 3,500 మి.మీ. సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, దాని చుట్టూ ఉన్న కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి అక్కడే కురిసేస్తుంది. పదిహేను కిలోమీటర్లు కూడా లేని కెజిక్‌కు వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. నాయన జీవితమంతా చెనిక్కాయ పంట పెట్టిన మనిషి, ఏడాదికి 550 మి.మీ. చుట్టుపక్కల పడితే పడినట్టు, లేకపోతే లేదు. పడమటి కనుమలు వాననంతా అటువైపే దింపుకుంటే మన అనంతపురం ప్రాంతం వాననీడలో ఎండిపోయినట్టే ఇక్కడా జరుగుతోందని చెప్తే ఆయన గొడుగు కూడా మూసేసి, గుడ్డ టోపీ మీద రెయిన్‌కోటు క్యాప్ వేసుకుని ఆ ఫారమ్ గోడ పక్కన అట్లే నిలబడ్డాడు. వాగు మోత, గొర్రెపిల్లలు, నేల మీద ఎక్కడ చూసినా పారే నీళ్ళు. "మా ఆరేళ్ళ వాన వీళ్ళకు ఒక్క ఏడాదిలోనే పడుతుందా" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత కాసేపటికి "ఇందులో ఒక్క తడుపు మన పక్కకు వచ్చింటే చాలురా, ఆ ఏడు చేను నిలబడేది" అన్నాడు. ఏ ఏడు అని నేను అడగలేదు, నాకు తెలుసు.

ఆ పక్కనే హానిస్టర్ కనుమ. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫానప్పుడు అక్కడ 24 గంటల్లో 341.4 మి.మీ. పడింది, బ్రిటన్‌లో అది రికార్డు. దారి ఏటవాలు కొన్నిచోట్ల నాలుగు అడుగులకు ఒక అడుగు ఎత్తు ఉంటుంది, తడి రోడ్డు మీద ఐదుగురితో నిండిన కారు, మేము సగంలోనే వెనక్కి తిరిగాం.

ఇప్పుడు గాలి సంగతి. మేము వారమంతా ఫోన్లో వాన బొమ్మలే చూసుకుంటూ ప్లాన్ వేశాం, అది తప్పు. వానకు కోటు ఉంది, బూట్లు ఉన్నాయి, అమ్మ కూడా రెండో రోజుకు అలవాటు పడింది. మనిషిని నిలబడనివ్వనిది, పడవలు ఆపించేది, ఒంట్లో వేడి లాగేసేది గాలి. థర్మామీటరులో 5 డిగ్రీలున్నా గంటకు 40 మైళ్ళ గాలిలో ఒంటికి తెలిసేది దాదాపు మైనస్ 2. కాసిల్‌రిగ్ రాతివలయం దగ్గర మాకు ఇది బాగా తెలిసొచ్చింది. నాలుగున్నర, ఐదు వేల ఏళ్ళ నాటి నిలువు రాళ్ళు, చుట్టూ కొండలు, టికెట్ లేదు, అంత మంచి చోటు ఇంకోటి చూపించలేను, కానీ అది నాలుగు వైపులా తెరిచి ఉన్న మిట్ట. అమ్మ కారు తలుపు తీసేసరికి గాలి దాన్ని ఒక్క గుంజు గుంజింది, పట్టుకోబోయి ముంజేయి కొట్టుకుంది. పక్కన పార్క్ చేసిన పెద్దాయన ఒకరు వచ్చి, ఇలాంటి రోజుల్లో కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి, అప్పుడు గాలి తలుపును మూసే వైపుకే నెడుతుంది అని చెప్పారు. ఆ తర్వాత వారమంతా అలాగే ఆపాం. అమ్మ కారులోంచే రాళ్ళకు దండం పెట్టుకుంది, నాయనా పాపా వెళ్ళొచ్చారు.

కొండల గాలి కోసం మామూలు వెదర్ యాప్ చాలదు, అది కింద ఊరి సంగతే చెప్తుంది. లేక్ డిస్ట్రిక్ట్ వెదర్‌లైన్ చూడండి. చలికాలంలో వాళ్ళ మనుషులు రోజూ 950 మీటర్ల హెల్వెల్లిన్ ఎక్కి మంచు, గాలి ఎలా ఉన్నాయో స్వయంగా చూసి రాస్తారు. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ళయితే గాలి ఎంత అనే కాక, ఆ గాలిలో నడక ఎంత కష్టమో కూడా విడిగా రాస్తారు. నాకు బాగా పనికొచ్చింది అదే. రెండూ ఉచితం.

నాలుగో రోజు కెజిక్‌లో గెస్ట్‌హౌస్‌కు మారాం. స్లేటురాయితో కట్టిన పాత వరస ఇళ్ళలో ఒకటి, బయటి నుంచి చూస్తే ఏమీ ఉండదు. లోపల అడుగు పెట్టగానే రేడియేటర్ల వేడి తగిలి అమ్మ ముఖం విప్పారింది. కింద డ్రైయింగ్ రూమ్ ఉంది, వేడిగాలి ఆడే చిన్న గది, రాత్రి వేలాడదీసిన కోట్లు, బూట్లు పొద్దున్నకు ఎండిపోయాయి. కాటేజీకంటే రాత్రికి 30 పౌండ్లు ఎక్కువే అయింది, అయినా ప్రతి పెన్నీకీ విలువ ఉంది. ఇంటావిడకు మేము మాంసం తినమని ముందే మెయిల్ చేశాం, అమ్మ కోసం వేరే పెనం వాడింది, ఆ మాట తనే వచ్చి చెప్పింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు, చెయ్యి పట్టుకుని నవ్వుకున్నారు. ఒక్క లోపం, గదులు పై అంతస్తుల్లో, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గది అడిగి తీసుకోండి.

ఆ రోజు డర్వెంట్‌వాటర్ మీద లాంచ్ ఎక్కుదామని పాప ఆశ. చెరువు చుట్టి రావడానికి 50 నిమిషాలు. గాలికి నడపట్లేదన్నారు. టికెట్ కిటికీ దగ్గరున్న అబ్బాయి మధ్యాహ్నం తగ్గొచ్చు అని ఆశ పెట్టకుండా, ఈ రోజు ఇక ఉండదు, రేపు పొద్దున మొదటి పడవకు రండి అని నేరుగా చెప్పాడు, మా రోజు వృథా కాలేదు. అటు నుంచి పెన్సిల్ మ్యూజియం వెళ్ళాం. బారోడేల్ కొండల్లో గ్రాఫైట్ దొరకడంతో మొదలైన పరిశ్రమ అది. రెండో ప్రపంచయుద్ధంలో పైలట్ల కోసం లోపల మ్యాపు, దిక్సూచి దాచి చేసిన పెన్సిల్ ఉంది, నాయన దాని దగ్గరే పావుగంట ఉన్నాడు. మ్యూజియం చిన్నది, గంటన్నరలో అయిపోతుంది, కానీ గాలివాన రోజుకు కావాల్సింది అలాంటిదే. మర్నాడు పొద్దున గాలి పడిపోయింది, మొదటి పడవ ఎక్కాం, నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

అల్స్‌వాటర్ చెరువు వైపు వెళ్ళిన రోజు మధ్యాహ్నానికి మళ్ళీ ఈదురుగాలి. గ్లెన్‌కోయిన్ దగ్గర నీళ్ళ ఒడ్డున అడవి డాఫొడిల్స్ ఉన్నాయి, మన తోటల్లో పెంచేవాటికంటే పొట్టివి, లేత పసుపు. కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరతీ 1802 ఏప్రిల్ 15న ఆ ఒడ్డున నడుస్తూ చూసిన పూలు ఇవే, ఆయన డాఫొడిల్స్ పద్యం బడిలో చదువుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజూ విపరీతమైన గాలేనని డొరతీ తన డైరీలో రాసుకుంది. ఆ గాలిలో ఒణికే పూలను చూశాకే నాకు అర్థమైంది, ఎండ కాసిన రోజు వచ్చుంటే అవి ఇలా ఉండేవి కావు. పక్కనే ఎయిరా ఫోర్స్ జలపాతం, 20 మీటర్లు, వారం రోజుల వానకు పొంగిపోతోంది. వాన పడే వారానికి ఇదే సరైన చోటు, చెట్ల మధ్య దారి కాబట్టి గాలి తగలదు. మెట్లు మాత్రం జారుతున్నాయి, అమ్మను కింది వంతెన దాకే తీసుకెళ్ళాం. కారు పార్కింగ్ ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థది, మెంబర్‌షిప్ ఉంటే ఉచితం, వారంలో నాలుగైదు చోట్ల ఆపితే ఆ డబ్బులు బాగానే కలిసొస్తాయి.

బస్సులూ వాడుకోండి. కెజిక్ నుంచి గ్రాస్మియర్, ఆంబుల్‌సైడ్, విండర్‌మియర్ మీదుగా 555 వెళ్తుంది, మేము వెళ్ళినప్పుడు ఒక్కో టికెట్ 3 పౌండ్లకు మించలేదు, పై అంతస్తు ముందు సీట్లో కూర్చుంటే వానలో కూడా కొండలు చక్కగా కనిపిస్తాయి. అమ్మకు మొత్తం వారంలో నచ్చిన చూడ్డం అదే, వెచ్చగా కూర్చుని. గ్రాస్మియర్‌లో చర్చి పక్కన 1854 నుంచి నడుస్తున్న జింజర్‌బ్రెడ్ కొట్టు ఉంది, అల్లం ఘాటు గట్టిగానే ఉంటుంది, ఆ చలిలో టీతో తింటే నాయనకు ధర్మవరం అల్లం మురబ్బా గుర్తొచ్చింది. తిండి సంగతి ఇంకేమీ పెద్దగా లేదు, సూపు, జాకెట్ పొటాటో ఎక్కడైనా దొరుకుతాయి, కంబర్లాండ్ సాసేజ్ పంది మాంసం, మేము రసం పొడి, ఆవకాయ, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకున్నాం.

చివరి రాత్రి తిరుగు ప్రయాణానికి దగ్గరని పెన్రిత్ ఊరికి తూర్పున, ఈడెన్ లోయలో ఒక పల్లెలో ఉన్నాం. వాననీడ వైపు కదా, ఇక్కడ హాయిగా ఉంటుంది అనుకున్నాను. వాన నిజంగానే లేదు. కానీ గాలి ఈశాన్యానికి తిరిగింది, రాత్రి పదకొండు నుంచి దూరంగా రైలు వెళ్తున్నట్టు ఒకటే మోత, ఆగదు, ఎక్కువ తక్కువలు లేవు. పొద్దున చూస్తే 893 మీటర్ల క్రాస్ ఫెల్ శిఖరం మీద టోపీ పెట్టినట్టు పొడవాటి మేఘం, కదలడం లేదు, దాని కింద గడ్డి నేలకు అంటుకుపోతోంది. అది హెల్మ్ విండ్, బ్రిటన్‌లో సొంత పేరున్న గాలి అదొక్కటే అంటారు. ఈశాన్యపు గాలి కొండ దాటి ఇటు వాలులోకి జారుతూ వేగం పుంజుకుంటుంది, చలికాలం చివర్లో, వసంతంలో ఎక్కువ. కొన్ని కిలోమీటర్లు పడమటికి వెళ్తే ఏమీ ఉండదు, మేమే పెట్రోలు కోసం పెన్రిత్ వచ్చేసరికి చెట్ల ఆకు కదలడం లేదు. కొండ అడుగున గది తీసుకునేవాళ్ళు ఈశాన్య గాలి ఉన్న రోజుల్లో ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇంటి తలుపు ఏ వైపుకుందో అడగండి. మాకు తలుపు కొండ వైపే ఉండింది, సామాను కారులోకి ఎక్కించడానికి ముగ్గురం తలుపు పట్టుకోవాల్సి వచ్చింది.

అక్టోబరు సెలవులకు మళ్ళీ వెళ్దామని పాప పట్టుబట్టింది. అమ్మానాయనలు అప్పటికి ఊరు వెళ్ళిపోయుంటారు. కెజిక్ ఇంటావిడకు మెయిల్ పెట్టాను, డ్రైయింగ్ రూమ్ పక్కనున్న గది ఇస్తానంది. సీత్‌వెయిట్‌లో వాన వీడియో తీసి పంపమని నాయన ఇప్పుడే చెప్పి పెట్టాడు, మాటలేమీ వద్దు, నీళ్ళ మోత వినపడితే చాలన్నాడు.