అంకెలు లేని డయల్

నేను వాడే ఈ డిజిటల్ కెమెరా సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే భాగం) గురించి, వీడియో గురించి ఇప్పటికే అందరూ చెప్పినందున వాటి జోలికి పోను. ఏళ్ల తరబడి వాడిన మీదట దీనితో నాకు మిగిలిన పేచీ ఒక్కటే, అది కుడి బొటనవేలి కిందనుండే డయల్. మెనూలో మనం నిర్ణయించినదాన్ని బట్టి షట్టర్ వేగాన్నయినా (వెలుతురును ఎంతసేపు లోపలికి వదలాలన్నది) అపెర్చర్‌నయినా (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది) అదే మారుస్తుంది కనుక దానిమీద అంకెలుండవు, తిప్పుతూ పోతే ఆగే చోటూ ఉండదు. ఏ వైపు ఎన్ని మెట్లు తిరిగిందో లోపలికి సంకేతం పంపడమే దాని పని.

ఆ సంకేతం గాడి తప్పింది తిరుపతి గంగమ్మ జాతరలో. బైరాగి వేషానికి ఒంటినిండా నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుని జనం వీధుల్లో తిరిగే ఆ రోజుల్లో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పరిసరాల్లో గాలి సైతం రంగు మారుతుంది. ఆ పొడి లోపలికి చేరిందేమో, వాటి తర్వాత వచ్చే దొర వేషం నాటికి నా డయల్ ఒక మెట్టు తిప్పితే మూడు మెట్లు దూకడం, ఒక్కొక్కసారి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మే నెల ఎండలో నిలబడిన వేషగాడు పందిరి నీడలోకి అడుగు పెట్టాడంటే వెలుతురు మూడు నాలుగు స్టాపులు పడిపోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). షట్టర్ వేగాన్ని సెకనులో 500వ వంతు నుంచి 60వ వంతుకు దించాలని నేను తిప్పుతుంటే అది 2000వ వంతుకు ఎక్కి కూర్చుంది. వ్యూఫైండర్‌లో అంకెను చూసుకుంటూ ముందుకూ వెనక్కూ తిప్పుతున్నంతలో వేషం గుంపులో కలిసిపోయింది.

మరమ్మతుకు చెన్నైకి పంపవలసి వచ్చింది. డయల్ ఒక్కదాన్నే మార్చరట, కెమెరా పైకప్పు మొత్తం మార్చాలట. చెప్పిన ధర విని కెమెరాను అలాగే వెనక్కి తెప్పించుకున్నాను. కొన్న కొత్తలో దీని బిగువైన కట్టుబడిని బాగా మెచ్చుకున్నాను, తలకోన జలపాతం తుంపరలో అది నిలిచిన మాటా నిజమే. తడికి నిలిచినంతగా పొడికి నిలవలేదని ఇప్పుడు చేర్చవలసి వస్తోంది.

1982లో వచ్చిన ఫిల్మ్ కెమెరా నికాన్ ఎఫ్ఎం2లో షట్టర్ బ్యాటరీ లేకపోయినా అన్ని వేగాల వద్దా పనిచేసేది, అపెర్చర్‌ను లెన్సుమీది అంకెల రింగు తిప్పి పెట్టుకునేవాళ్లం. డిజిటల్‌లో అటువంటిది అసాధ్యమని కాదు. 2016 నాటి లైకా ఎం-డిలో వెనక తెర లేదు, మెనూ లేదు. షట్టర్ వేగానికి, ఐఎస్ఓకు (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి), అపెర్చర్‌కు వేటి అంకెలు వాటికున్నాయి. అయితే దాని ధర జీతగాళ్లు తలచుకోదగినది కాదు. 2023లో వచ్చిన నికాన్ జెడ్ఎఫ్‌కు ఇత్తడి డయళ్లున్నా, దానికోసం నికాన్ తెచ్చిన లెన్సులమీద అపెర్చర్ అంకెల రింగు లేదు, మెనూ పొడవూ తగ్గలేదు. నాకు కావలసినది వీటి నడుమ ఉంది: అంకెలు చెక్కిన మూడు చక్రాలు, ఒక సెన్సర్, ఊళ్లోని మెకానిక్ స్క్రూలు విప్పి శుభ్రం చేయగల పైకప్పు. వీడియో లేకపోయినా నాకు పట్టదు.

పెళ్లిళ్లు తీసేవారికి, ఆటోమేటిక్‌లో పెట్టి నొక్కేవారికి ఈ కెమెరాను ఇప్పటికీ వద్దనను. వారి వేలు ఈ డయల్ మీదకు వెళ్లేదే తక్కువ. వెలుతురును చేత్తో లెక్కగట్టుకునే అలవాటుండి, ఏటా జాతరలో నిలబడేవారు మాత్రం కొనేముందు ఆ డయల్‌ను దుకాణంలోనే గబగబా రెండు వైపులా తిప్పి చూడాలి, విడిగా మార్చడానికి వీలుందేమో అడగాలి. నేను దీన్ని అమ్మలేదు, ఎందుకంటే నా లెన్సులన్నీ దీనికే సరిపోతాయి.