ప్రీమియర్ లీగ్ ఆఖరి ఆదివారం: ఏ మ్యాచ్ ముందు కూర్చోవాలి?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సీజన్ ముగింపును పండుగగా వర్ణించేవారు చాలామంది ఉన్నారు కాని, డబ్బు చెల్లించి పొందే సేవగా దాన్ని తూచి చూసేవారు తక్కువ. స్టేడియం టికెట్టుకో టీవీ చందాకో అభిమాని సొమ్ము వెచ్చిస్తున్నాడు, దానికి తోడు మే నెల వారాంతాలన్నీ ధారపోస్తున్నాడు కనుక, ప్రతిగా అతనికి దక్కుతున్నదేమిటో అడగడం న్యాయమే. ఈ సమీక్షలో నేను పరిశీలిస్తున్నది మూడింటిని: ప్రీమియర్ లీగ్ చివరి రోజు, ఆ రోజును మనకు చేరవేసే ప్రసారం, దానికి కాస్త అటూ ఇటూగా, రెండో శ్రేణి లీగ్ అయిన చాంపియన్‌షిప్‌లో పైకి వెళ్లే చివరి చోటు కోసం జరిగే ప్లే-ఆఫ్‌లు. టైటిల్ పోరు కంటే పట్టిక అడుగున జరిగే పోరే ఎక్కువ విలువైనదని, దాన్ని ఒకే మ్యాచ్ ముందు కదలకుండా కూర్చుని చూడాలని నా అభిప్రాయం.

ముందు ఏర్పాటు సంగతి. 20 క్లబ్బులు తలా 38 మ్యాచ్‌లు ఆడతాయి. పట్టికలో చివరి మూడూ దిగువ డివిజన్‌కు పడిపోతాయి, దీన్నే రెలిగేషన్ అంటారు. చివరి విడతలోని పది మ్యాచ్‌లూ ఒకే సమయానికి, సాధారణంగా అక్కడి కాలమానం ప్రకారం ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలవుతాయి. ఎదుటివారి ఫలితం ముందే తెలుసుకుని దానికి తగినట్టు ఆడే వెసులుబాటు ఎవరికీ ఉండకూడదన్నది దీని ఉద్దేశం. న్యాయం కోసం పెట్టిన ఈ నియమమే వినోదానికి కూడా ప్రాణం పోసింది. ఒక మైదానంలో పడిన గోల్ వందల మైళ్ల దూరంలోని మరో మైదానంలో జనాన్ని ఒక్క ఉదుటున లేపి నిలబెట్టడం మరే క్రీడలోనూ ఇంత తరచుగా జరగదు.

ఈ ఏర్పాటు ఇవ్వగలిగినదంతా ఒక్క రోజులో ఇచ్చిన సందర్భం 2012 మే 13. మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్ సమాన పాయింట్లతో ఆ రోజు బరిలోకి దిగాయి. సండర్లాండ్‌లో యునైటెడ్ 1-0తో గెలిచి, తమ ఆట ముగిశాక మైదానంలోనే నిలబడి కబురు కోసం ఎదురుచూసింది. సిటీ మైదానంలో పరిస్థితి తలకిందులుగా ఉంది: జోయ్ బార్టన్ రెడ్ కార్డుతో బయటికి వెళ్లగా పది మందితో ఆడుతున్న క్వీన్స్ పార్క్ రేంజర్స్ నిర్ణీత సమయం ముగిసేసరికి 2-1 ఆధిక్యంలో ఉంది. ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాల తర్వాత అదనంగా కలిపే సమయంలో, సిటీ ఆటగాడు జెకో స్కోరు సమం చేశాడు. ఆ తర్వాత రెండు నిమిషాలకే, గడియారం 93 నిమిషాల 20 సెకన్లు చూపిస్తుండగా, అగ్వెరో విజయ గోల్ కొట్టాడు. రెండు క్లబ్బులకూ 89 పాయింట్లు; గోల్ తేడాలో, అంటే చేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలే లెక్కలో, ఎనిమిది ఎక్కువ ఉన్న సిటీ నెగ్గింది. 1968 తర్వాత ఆ క్లబ్బుకు అదే తొలి లీగ్ టైటిల్. హైలైట్స్‌లో కనిపించనిది ఇంకొకటుంది. అదే మ్యాచ్‌లో ఓడిన రేంజర్స్ అభిమానులు కూడా సంబరం చేసుకున్నారు, ఎందుకంటే స్టోక్‌లో బోల్టన్ 2-2తో డ్రా చేసుకుని వారికి బదులుగా దిగువ డివిజన్‌కు పడిపోయింది. గెలిచినవారూ ఓడినవారూ ఒకే స్టేడియంలో ఒకేసారి గంతులు వేయడం ఈ ఏర్పాటు వల్లనే సాధ్యం.

అయితే ఆ ఒక్క రోజును నమూనాగా చూపి ఏటా అదే అందుతుందని ఊరించడం ప్రచారకర్తల అలవాటు. నిజానికి టైటిల్ చాలా సీజన్లలో చివరి ఆదివారానికి ముందే తేలిపోతుంది. ఇంగ్లిష్ లీగ్ చరిత్రలో అన్నిటికంటే ఉత్కంఠభరితమైన ముగింపు అని చాలామంది చెప్పే 1989 మే 26 నాటి మ్యాచ్ అసలు ఈ పద్ధతిలో జరిగినదే కాదు. అది ఒక శుక్రవారం రాత్రి, ఒకే ఒక్క మ్యాచ్. లివర్‌పూల్‌పై వారి సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో రెండు గోల్స్ తేడాతో గెలిస్తే తప్ప టైటిల్ దక్కని స్థితిలో ఆర్సెనల్ ఆడింది. ఇంజురీ టైమ్‌లో మైకేల్ థామస్ రెండో గోల్ చేశాడు. పాయింట్లు చెరి 76, గోల్ తేడా చెరి 37. చివరికి 73 గోల్స్ చేసిన ఆర్సెనల్‌కు 65 చేసిన లివర్‌పూల్‌పై కిరీటం దక్కింది. ఆ మ్యాచ్ అంత ఆలస్యంగా జరగడానికి కారణం ఏప్రిల్‌లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిడి. అందులో 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రిని తలచుకుని మురిసిపోయేవారు ఈ సంగతి మరవకూడదు.

రెండో స్థానంలో నిలిచినవారి కోణం నుంచి చూస్తే ఈ సేవ మరీ కఠినమైనది. 2018-19లో లివర్‌పూల్ ఒకే ఒక్క మ్యాచ్ ఓడి 97 పాయింట్లు సాధించింది. సిటీ 98 సాధించింది. 2022 మే 22న అదే రెండు క్లబ్బుల మధ్య జరిగినది ఇంకా క్రూరం. 69వ నిమిషానికి సిటీ సొంతగడ్డపై ఆస్టన్ విల్లా చేతిలో 0-2తో వెనకబడి ఉంది. ఆన్‌ఫీల్డ్‌లో వోల్వ్స్‌తో 1-1 వద్ద ఉన్న లివర్‌పూల్‌కు ఒక్క గోల్ పడితే అగ్రస్థానం చేతికొచ్చేది. ఆ గోల్ వచ్చింది కూడా, 84వ నిమిషంలో సలా కొట్టాడు. కాని అప్పటికి గుండోగన్ రెండు, రోడ్రి ఒకటి చొప్పున అయిదు నిమిషాల వ్యవధిలో మూడు గోల్స్ చేసి సిటీని 3-2కు చేర్చేశారు. మూడు నిమిషాలు ఆలస్యమైన గోల్‌ను ఎలా జరుపుకోవాలో ఆన్‌ఫీల్డ్‌కు తెలియలేదు. ఇలాంటి రోజుల్లో లీగ్ నిర్వాహకులు ఒక మైదానానికి అసలు ట్రోఫీని, రెండో మైదానానికి దాని నకలును పంపుతారు. పతకాలతో సహా సిద్ధంగా ఉంచిన ఆ రెండోది పెట్టె కూడా తెరవకుండా వెనక్కి వెళ్లిపోతుంది. 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా రెండో స్థానానికే పరిమితమైన ఆర్సెనల్ అభిమానులకు నోటికందిన ముద్ద జారిపోవడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ప్రసారం విషయం. తెరను నాలుగు ముక్కలు చేసి, గోల్ పడిన చోటికల్లా కెమెరాను పరుగెత్తించి, పక్కన నిమిష నిమిషానికీ మారే పాయింట్ల పట్టిక చూపించే కార్యక్రమాలను ఈ రోజుకు ప్రత్యేక ఆకర్షణగా అమ్ముతున్నారు. నాకవి నచ్చవు. గోల్ పడ్డాక మాత్రమే అక్కడికి తీసుకెళ్లే కార్యక్రమం, గోల్ పడకుండా గడిచే ఇరవై నిమిషాల నరకాన్ని మన దగ్గర దాచేస్తుంది; రెలిగేషన్ అంచున ఉన్న జట్టు డిఫెండర్ బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కి ఇవ్వడానికి కూడా జంకుతూ స్టాండ్స్‌లోకి తన్నేయడం, ఆ తన్నుడుకే జనం చప్పట్లు కొట్టడం ఒకే మ్యాచ్‌ను పట్టుకుని కూర్చున్నవారికే కనిపిస్తాయి. పట్టిక మాత్రం చాలా అవసరం, దాన్ని తెర మూలన ఉంచితే చాలు. ఇంటర్నెట్‌లో చూసేవారికి ఇంకొక హెచ్చరిక: నేను చందా కట్టిన ఒక సేవలో ప్రసారం అసలు ఆట కంటే ఎంత వెనకబడి ఉండేదంటే, ఆటగాడు బంతిని కార్నర్ దగ్గర పెడుతుండగానే జేబులోని ఫోన్ గోల్ పడిందని చెప్పేసేది. స్కోరు తెలిపే యాప్‌ల నోటిఫికేషన్లు ఆ రెండు గంటలూ ఆపేసుకోవడం శ్రేయస్కరం.

డబ్బుకు తగిన ఫలం దొరికేది పట్టిక అడుగు భాగంలోనే అనడానికి 2005 మే 15 చాలు. చివరి నాలుగు స్థానాల్లో ఉన్న నార్విచ్, సౌతాంప్టన్, క్రిస్టల్ ప్యాలెస్, వెస్ట్ బ్రామ్‌లలో మూడు పడిపోవాలి, ఒకటి గట్టెక్కాలి. ఆ ఒకటి ఏదో ఆట మొదలయ్యేనాటికి ఎవరికీ తెలియదు. తన తలరాత తన చేతిలోనే ఉన్న ఏకైక జట్టు నార్విచ్, ఫుల్హామ్‌లో 0-6తో చిత్తయింది. సౌతాంప్టన్ మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడి, 27 ఏళ్లుగా నిలబెట్టుకున్న అగ్రశ్రేణి స్థానాన్ని కోల్పోయింది. క్రిస్టల్ ప్యాలెస్ చార్ల్‌టన్‌పై 2-1 ఆధిక్యంతో దాదాపు ఒడ్డున పడినట్టే కనిపించి, ఆట ఇక ఎనిమిది నిమిషాలుందనగా స్కోరు సమం కావడంతో మునిగిపోయింది. క్రిస్మస్ నాటికి అట్టడుగున ఉన్న వెస్ట్ బ్రామ్, ఆ ఉదయం కూడా అట్టడుగునే ఉండి, పోర్ట్స్‌మత్‌ను 2-0తో ఓడించి 34 పాయింట్లతో బతికి బయటపడింది. వారి స్టేడియంలో ఆట ముగిసినా చార్ల్‌టన్ కబురు రాలేదు. వేలమంది రేడియోలకు చెవులొగ్గి నిలబడ్డారు. కబురు అందాక మైదానమంతా జనంతో నిండిపోయింది. ఓడిన పోర్ట్స్‌మత్ అభిమానులు సైతం వారితో కలిసి ఆనందించారు. తమ జట్టు ఓటమి పొరుగు శత్రువు సౌతాంప్టన్‌ను కిందికి తోయడానికి సాయపడటమే అందుకు కారణం. పొరుగువాడి పతనం ముందు సొంత ఓటమి ఏపాటిది!

ఇంకా కింది శ్రేణులకు వెళ్తే పణంగా ఉండేది హోదా కాదు, మనుగడే. 1999 మే 8న, ప్రీమియర్ లీగ్ కింద ఉండే మూడు డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్ నుంచే బయటికి పోయే ప్రమాదంలో ఉన్న కార్లైల్ యునైటెడ్‌ను 95వ నిమిషంలో గోల్ కొట్టి కాపాడినవాడు వారి గోల్‌కీపర్ జిమ్మీ గ్లాస్. అతను ఆ క్లబ్బు సొంత ఆటగాడు కూడా కాదు, స్విండన్ నుంచి అరువు మీద వచ్చినవాడు. ఈ గోల్‌ను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయితే ఆ సమయానికి స్కార్‌బరోలో తమ ఆట ముగించుకుని, గండం గడిచిందని మైదానంలో సంబరాలు చేసుకుంటున్న అభిమానులు ఉన్నారు. కార్లైల్ బతకడమంటే వారు పడిపోవడమే. స్కార్‌బరో క్లబ్బు మళ్లీ లీగ్‌లోకి రాలేదు, 2007లో మూతపడింది.

యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ అయిన చాంపియన్స్ లీగ్‌లో స్థానాల కోసం జరిగే పోటీని మాత్రం నేను దాటవేయమంటాను. నాలుగో స్థానమా అయిదో స్థానమా అన్నది క్లబ్బుల ఖజానాలకు పెద్ద విషయమే కాని, చూసేవారికి అందులో ఉప్పూ కారమూ తక్కువ. మినహాయింపులు లేకపోలేదు. 2025లో ఆస్టన్ విల్లాకు డ్రా సరిపోయే మ్యాచ్‌లో, బంతి గీత దాటకముందే రిఫరీ ఈల ఊదినందువల్ల ఆ జట్టు గోల్ రద్దయింది, వీడియో రిఫరీకి జోక్యం చేసుకునే దారీ లేకపోయింది. విల్లా ఆ తర్వాత 0-2తో ఓడింది. తన మ్యాచ్ తానూ ఓడిన న్యూకాజిల్, సమాన పాయింట్లతో, గోల్ తేడా మీద ముందుకెళ్లింది. 2006లో టోటెన్‌హామ్ ఆటగాళ్లు వెస్ట్ హామ్‌తో మ్యాచ్‌కు ముందురోజు రాత్రి అనారోగ్యం పాలై, ఓడి, నాలుగో స్థానాన్ని ఆర్సెనల్‌కు వదులుకున్నారు. నింద చాలాకాలం హోటల్లో తిన్న లజాన్యా మీద పడింది కాని, పరీక్షల్లో వైరస్ కారణమని తేలింది.

ప్లే-ఆఫ్‌లు వేరే సరుకు. చాంపియన్‌షిప్‌లో 46 మ్యాచ్‌ల తర్వాత మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. 2025-26 సీజన్ వరకు మూడు నుంచి ఆరో స్థానం వరకు ఉన్న నాలుగూ మిగిలిన ఒక్క చోటు కోసం మళ్లీ తలపడేవి. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగే ఫైనల్‌ను ప్రపంచ ఫుట్‌బాల్‌లో అత్యంత విలువైన మ్యాచ్ అని పిలవడం అతిశయోక్తి కాదు, ప్రసార హక్కుల వాటాతో గెలిచిన క్లబ్బు దశ తిరిగిపోతుంది. వినోదం పరంగా దీనికి వంక పెట్టలేం. 2013 సెమీఫైనల్‌లో వాట్‌ఫర్డ్‌పై ఇంజురీ టైమ్‌లో లెస్టర్‌కు పెనాల్టీ దొరికింది; నోకార్ట్ కొట్టిన బంతిని వాట్‌ఫర్డ్ గోల్‌కీపర్ అల్మూనియా ఆపాడు, తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొడితే మళ్లీ ఆపాడు, అక్కడి నుంచి బంతి ఎదురు చివరకు చేరి వాట్‌ఫర్డ్ ఆటగాడు డీనీ కాలి దెబ్బకు లెస్టర్ గోల్‌లో పడటానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఒక జట్టు ఫైనల్ చేరినట్టే కనిపించిన క్షణానికి, సీజనే ముగిసిపోయిన క్షణానికి మధ్య వ్యవధి అంతే. విశేషమేమిటంటే వాట్‌ఫర్డ్ ఆ ఫైనల్‌లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడింది. లెస్టర్ మరుసటి ఏడాది నేరుగా పైకి వచ్చి, 2016లో ప్రీమియర్ లీగ్‌నే గెలుచుకుంది.

న్యాయం పరంగా మాత్రం ఈ పద్ధతికి నేను తక్కువ మార్కులే వేస్తాను. 2024-25లో షెఫీల్డ్ యునైటెడ్ రెండు పాయింట్ల కోత పడినా 90 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది. సండర్లాండ్ 76తో నాలుగో స్థానంలో ఉంది. పద్నాలుగు పాయింట్ల తేడా వెంబ్లీలో ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైంది. ముందుగా గోల్ చేసింది షెఫీల్డే, రెండోదాన్ని వీడియో రిఫరీ కొట్టేశాడు, చివరికి 95వ నిమిషంలో టామ్ వాట్సన్ గోల్‌తో సండర్లాండ్ 2-1తో గెలిచింది. వాట్సన్ అప్పటికే బ్రైటన్‌కు వెళ్లడానికి ఒప్పందం చేసుకున్నవాడు. షెఫీల్డ్ యునైటెడ్‌కు ప్లే-ఆఫ్‌ల ద్వారా పైకి వెళ్లే భాగ్యం అంతకుముందూ ఎన్నడూ పట్టలేదు. మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య ఇంత అంతరం ఉన్నప్పుడు, పైనున్న జట్టుకు కనీసం ఫైనల్‌లో డ్రా అయితే చాలన్న సౌలభ్యమైనా ఇవ్వాలి.

సరికొత్తగా చేరిన లోపం ఇంకొకటుంది: ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు సీజన్ మధ్యలో వేసే పాయింట్ల కోతలు. 2023-24లో ఎవర్టన్‌కు పది పాయింట్లు కోసి, అప్పీలుపై ఆరుకు తగ్గించి, తర్వాత మరో కేసులో ఇంకో రెండు కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు నాలుగు పోయాయి. తప్పు చేసినవారికి శిక్ష పడాల్సిందే కాని, అది సీజన్ మొదలు కాకముందే తేలిపోవాలి. మైదానంలో తేలాల్సిన లెక్క న్యాయవాదుల బల్లల మీద తేలుతుందేమోనన్న అనుమానం వచ్చాక, ఆఖరి ఆదివారం మారే పట్టికను నమ్మి ఊపిరి బిగబట్టడం ఎవరికైనా కష్టమే.

సొంత క్లబ్బు లేనివారికి నా సిఫారసు ఇది: చివరి రోజు ఉదయం పట్టికలో 16 నుంచి 18వ స్థానం వరకు చూసుకోండి, వాటిలో సొంత మైదానంలో ఆడుతున్న జట్టును ఎంచుకోండి, తొలి నిమిషం నుంచి ఛానల్ మార్చకండి. ఆ మూడు స్థానాల లెక్క ముందే తేలిపోయిన ఏడాది అయితే ఆ ఆదివారాన్ని వదిలేసి, ప్లే-ఆఫ్ సెమీఫైనల్ రెండో అంచె, అంటే అవే రెండు జట్ల మధ్య జరిగే రెండు మ్యాచ్‌లలో చివరిది, చూడటం మేలు. ఫైనల్ కంటే అదే ఎక్కువసార్లు బాగుంటుంది.