పందుంపుల్లా, బ్రష్షా, పుక్కిలించే మందా: నోటి పాచికి ఏది మేలు?

మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టిన మొదటి ఎనిమిది నెలల్లో ఆమెకు రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. రెండోసారి నెల్లూరులో చూపించినప్పుడు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, మందుల సంగతి ఎత్తకముందే, "అమ్మగారి పళ్లు రోజూ ఎవరు తోముతున్నారు?" అని అడిగారు. ఎవరమూ తోమడం లేదు. అన్నం మెత్తగా పిసికి పెట్టేవాళ్లం, నీళ్లు తాగించి మూతి తుడిచేవాళ్లం, అంతే. ఆ సాయంత్రం ఆయన చెప్పినట్లు తడిపిన గాజుగుడ్డను వేలికి చుట్టుకొని అమ్మ కింది చిగుళ్ల వెంట తుడిస్తే, పచ్చగా, జిగటగా, మీగడ తరకలాంటి పొర గుడ్డకు అంటుకొని వచ్చింది. చిన్నప్పటి నుంచి పాచి పాచి అంటూనే ఉన్నా, దాన్ని అంత దగ్గరగా చూసింది ఆ రోజే.

1683లో లీవెన్‌హుక్ అనే డచ్చి దేశస్థుడు తన పళ్ల మీది పాచిని గీకి సూక్ష్మదర్శినిలో చూసి, అందులో ప్రాణులు కదులుతున్నాయని లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి రాశాడు. మనుషుల నోళ్లలో 700కు పైగా రకాల బ్యాక్టీరియా ఉంటాయని ఇప్పుడు లెక్క తేలింది. వీటిలో ఎక్కువ భాగం మనకు హాని చేయవు. చెరుపు చేసేవి కూడా విడివిడిగా ఉన్నంతవరకు లాలాజలంతోపాటు కడుపులోకి జారిపోతాయి. అవి పంటికీ చిగురుకూ మధ్య పొరలు పొరలుగా పేరుకొని, తమ చుట్టూ తామే బంక కట్టుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. ఆ బంక పొరలోకి మందు సరిగా దిగదు, నీళ్లు పుక్కిలిస్తే అది కదలదు, కొంతకాలానికి గట్టిపడి గార అవుతుంది. అందులోని స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ మనం తిన్న తీపిని ఆమ్లంగా మార్చి పన్నును తొలిస్తే, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటివి చిగుళ్లను వాపెక్కించి పంటిని పట్టి ఉంచే ఎముకను అరగదీస్తాయి. వాచిన చిగురు నుంచి రక్తంలో కలిసిన స్ట్రెప్టోకాకస్ రకాలు, ముందే దెబ్బతిన్న గుండె కవాటాల మీద స్థిరపడి ప్రాణం మీదికి తెస్తాయి. మింగడం సరిగా రానివారిలో పాచి కలిసిన లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మా అమ్మకు జరిగింది ఇదేనని డాక్టరుగారు చెప్పారు. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది.

కాబట్టి ఏది ఎక్కువ సూక్ష్మజీవులను చంపుతుందన్నది కాక, చిగురు అంచున పట్టిన పాచిని రోజూ ఏది కదిలించగలదన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

పొదిలి దగ్గర మా ఊళ్లో నాన్న జీవితమంతా వేప పందుంపుల్లతోనే గడిపారు. చిటికెన వేలంత లావు పుల్ల విరిచి, కొస నమిలి కుంచెలా చేసుకొని, దొడ్డి అరుగు మీద కూర్చొని పావుగంట నిదానంగా తోమేవారు. వేపలో బ్యాక్టీరియాను కొంత అణచే గుణం ఉంది. నమిలేటప్పుడు ఊరే లాలాజలం నోటిలోని ఆమ్లాన్ని విరుస్తుంది. పైసా ఖర్చు లేదు. అంత ఓపికగా తోముకొనే అలవాటును నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అయితే అరవై ఏళ్లు వచ్చేసరికి ఆయన ముందు పళ్లు తళతళలాడుతూనే ఉన్నా, కింది దవడ పళ్లు మూడు కదిలి ఊడిపోయాయి. పుల్ల ముందు పళ్లకు బయటివైపు బాగా ఆడుతుంది గాని, దవడ పళ్ల వెనుకకూ నాలుకవైపుకూ తిరగదు. గట్టిగా రుద్దితే చిగురు కిందికి జారి పంటి మొదలు బయటపడుతుంది. పైగా పందుంపుల్ల తెల్లవారుజాము అలవాటు. రాత్రి దాన్ని పట్టుకొనేవారిని నేను చూడలేదు. నిద్రలో లాలాజలం తగ్గి పాచి బలపడేది మాత్రం రాత్రే.

బొగ్గుపొడి, ఇటుకపొడి పంటి పైపెంకును అరగదీస్తాయి. వాటిని వదిలేయడమే మంచిది.

మెత్తని కుచ్చున్న చిన్న బ్రష్షును చిగురు వైపు కాస్త ఏటవాలుగా పట్టి, ఒత్తిడి లేకుండా రెండు నిమిషాలు తిప్పితే, పుల్ల వెళ్లని చోట్లకు అది వెళ్తుంది. దీనికి తోడు పేస్టులోని ఫ్లోరైడ్ ఆమ్లం తొలిచిన పైపెంకును తిరిగి గట్టిపరుస్తుంది. మా ప్రాంతంలో అభ్యంతరం వచ్చేది ఇక్కడే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరితే పళ్లనూ ఎముకలనూ చెరిచే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో 1937లో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ జిల్లా నుంచి 1970లో విడివడిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో గోధుమరంగు మచ్చల పళ్లు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం గనుక, ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే మాకు భయం. ఆ భయానికి కారణం ఉంది, కాని అది పడవలసిన చోటు నీళ్లు. మింగిన ఫ్లోరైడ్ ఒంట్లో చేరుతుంది. తోమి ఉమ్మేసిన ఫ్లోరైడ్ పంటి మీద పని చేసి బయటికి పోతుంది. పళ్ల మీద మచ్చలు పడేది కూడా చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపే. వెయ్యి పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) పేస్టులో గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. బ్రష్షు నిండా పేస్టు వేసి, తియ్యగా ఉందని పిల్లవాడు మింగుతుంటే ఊరుకోవడం, నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న మా ప్రాంతంలో తప్పే అవుతుంది. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత వేసి, పెద్దవారు దగ్గరుండి ఉమ్మించాలి. బోరునీళ్లే తాగే ఇంట్లో ఆ పిల్లలకు ఏ పేస్టు వాడాలో పళ్ల డాక్టరును అడగడం మంచిది. పెద్దలు మాత్రం ఈ భయంతో పేస్టు మానుకోవలసిన పని లేదు.

పుక్కిలించే మందుల్లో క్లోర్‌హెక్సిడిన్ నిజంగా శక్తిగలది. పన్ను తీయించుకున్నాక, చిగుళ్లకు చికిత్స జరిగాక, డాక్టరు చెప్పిన కొద్ది రోజులు వాడితే మేలు చేస్తుంది. నెలల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి మారుతుంది. ఆకుకూరల్లోని నైట్రేటును రక్తపోటుకు మేలు చేసే రూపంలోకి మార్చే మంచి బ్యాక్టీరియాను కూడా అది తుడిచిపెడుతుంది. తోమకుండా పుక్కిలించడమంటే చీపురు పట్టకుండా కళ్ళాపి చల్లడమే. దవడ వాచినప్పుడు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగేవారి సంగతీ ఇంతే: చీముకు మూలమైన పంటికి చికిత్స జరగనిదే వాపు మళ్లీ వస్తుంది. పొగాకు పండే మా వైపు చుట్ట, బీడీ తాగేవారికి ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. పొగాకు రక్తనాళాలను కుదిస్తుంది గనుక వారి చిగుళ్లు జబ్బుపడినా అంతగా రక్తం కారదు. దాన్ని ఆరోగ్యమనుకోకుండా ఏడాదికొకసారైనా చూపించుకోవాలి.

నా మట్టుకు నేను రాత్రి పడుకొనేముందు బ్రష్షుకే ఓటు వేస్తాను, పొద్దున కూడా అదే. వేపపుల్ల మీద మమకారం ఉన్నవారు పొద్దున దాన్ని వాడుకొని, రాత్రి మాత్రం బ్రష్షు తప్పకుండా పట్టాలి. గుండెకు కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు పన్ను తీయించుకొనేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

మంచం పట్టినవారికి బ్రష్షుకు సాటివచ్చేది నాకు కనిపించలేదు. జపాన్ వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు సాగిన ఒక పరిశీలనలో, రోజూ నోరు శుభ్రం చేయించినవారిలో న్యుమోనియా తక్కువగా వచ్చింది. అమ్మకు ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి వీపు వెనుక రెండు దిండ్లు పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చెంప కింద తువ్వాలు పరుస్తాం. చిన్నపిల్లల మెత్తని బ్రష్షును నీళ్లలో ముంచి బాగా విదిలించి, పేస్టు తాకించీ తాకించనట్లు పెట్టి, ముందు దవడ పళ్ల లోపలివైపు తోముతాం. నురగను గుడ్డతో ఎప్పటికప్పుడు తీసేసి, చివర నాలుక తుడిచి, కట్టుడు పళ్లు మంచినీళ్ల గిన్నెలో వేస్తాం. మొదట్లో పళ్లు బిగించేసేది. ఇప్పుడు బ్రష్షు చూడగానే తనే నోరు తెరుస్తుంది.