మాస్‌లు, పుట్టగొడుగుల స్లైడ్ల పెట్టె: గాజు మీది కోతలు మేలు, కాగితం మీది కోతలే తంటా

తిరుపతిలో ఇంటి వద్దనే ఇంటర్ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతున్న నాకు, మాస్‌ల (తేమ గోడల మీద గుబురుగా పెరిగే చిన్న పచ్చని మొక్కల) పాఠం వచ్చినప్పుడూ పుట్టగొడుగుల పాఠం వచ్చినప్పుడూ ఒకే చిక్కు ఎదురవుతూ ఉంటుంది. జీవి బతుకులో ఏ దశలో క్రోమోజోముల సమితి ఒకటే ఉంటుందో, ఏ దశలో రెండవుతుందో బల్ల మీద బొమ్మ వేసి చెబితే పిల్లలు చక్కగా అప్పజెబుతారు గాని, కళ్లెదుటి జీవిలో అది ఎక్కడుందో చూపమంటే తెల్లమొహం వేస్తారు. ఆ కొరత తీరుతుందన్న ఆశతో ఈ యేడు జూలైలో, ఊళ్లోని ఒక శాస్త్ర పరికరాల దుకాణంలో పన్నెండు శాశ్వత స్లైడ్లున్న చెక్కపెట్టెను 1,850 రూపాయలు పెట్టి కొన్నాను. ఏడు మాస్‌లవి, అయిదు పుట్టగొడుగులవి. నాలుగు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టె పనితనానికి వంక పెట్టలేము. మూత బిగువుగా పడుతుంది, గాళ్లలో స్లైడ్లు గిలగిలలాడవు, కవర్ గాజుల అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క స్లైడులో మాత్రం గాలిబుడగ సరిగ్గా చూడవలసిన చోటే కూర్చుని ఉంటే, దుకాణంవారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. పెట్టెతో పాటు ఎనిమిది పుటల తెలుగు కరపత్రం ఒకటి ఇస్తారు. నా ఫిర్యాదులో ముప్పాతిక భాగం ఆ కరపత్రం మీదనే.

ముందుగా మాస్‌ల సంగతి. ఫ్యునేరియా అనే మాస్‌కు అయిదు స్లైడ్లు కేటాయించారు. మొదటిది ప్రథమతంతువు. సిద్ధబీజం, అంటే స్పోర్, మొలకెత్తగానే మొక్క రాదు. పచ్చని దారంలాంటి ఈ తంతువు పాకి, దాని మీద మొగ్గలు వేస్తుంది, ఒక్కొక్క మొగ్గ ఒక్కొక్క మొక్కగా లేస్తుంది. స్లైడులో మూడు మొగ్గలు స్పష్టంగా కనిపిస్తాయి. వానాకాలంలో ప్రహరీగోడ మీద గుబురుగా కనిపించే మాస్‌లో పక్కపక్కనున్న మొక్కలు ఒకే సిద్ధబీజం సంతానమై, జన్యుపరంగా అచ్చు ఒకే రకంగా ఉండవచ్చునని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

రెండో, మూడో స్లైడ్ల కోతలు ఈ పెట్టెకే అందం తెచ్చేవి. ఒకదానిలో గదలాంటి పురుష బీజాశయాలు, వాటి నడుమ కొన ఉబ్బిన వంధ్య తంతువులు. రెండోదానిలో పొడవాటి మెడ గల స్త్రీ బీజాశయాలు, ఒకదాని అడుగున స్త్రీబీజం కూడా పడింది. అంత చక్కని కోతల మీద చీటీలు మాత్రం ‘మగ మొక్క’, ‘ఆడ మొక్క’ అని అంటించారు. ఇది తప్పు. మన పాఠాల్లో వచ్చే ఫ్యునేరియా హైగ్రోమెట్రికాలో రెండూ ఒకే మొక్క మీద ఉంటాయి. నడిమి కొమ్మ కొనన పురుష బీజాశయాలు ముందుగా వస్తాయి, పక్కగా లేచిన కొమ్మ మీద స్త్రీ బీజాశయాలు తరువాత వస్తాయి. కాబట్టి రాయవలసింది ‘మగ కొమ్మ’, ‘ఆడ కొమ్మ’ అని. ఒక్క మాట తేడాయే అయినా దాని వెనుక ఒక జన్యుశాస్త్ర విషయం ఉంది. పచ్చని మాస్ మొక్కలో ప్రతి కణంలోనూ క్రోమోజోముల సమితి ఒకటే. అది సంయోగబీజాలను క్షయకరణ విభజనతో (సమితులను రెండు నుంచి ఒకటికి తగ్గించే విభజనతో) కాక మామూలు విభజనతోనే తయారు చేస్తుంది. అందువల్ల ఒకే మొక్క మీది పురుషబీజం, స్త్రీబీజం కలిస్తే పుట్టే సంయుక్తబీజంలోని రెండు సమితులూ ఒకదానికొకటి నకళ్లుగా ఉంటాయి. బఠానీ మొక్కలో స్వపరాగ సంపర్కం జరిగితే జన్యువుల మిశ్రమం తరానికి సగం చొప్పున తగ్గుతూ పోతుంది గాని, మాస్‌లో ఆ పని ఒక్క తరంలోనే పూర్తయిపోతుంది. చీటీని నమ్మిన విద్యార్థికి ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది.

ఈ స్లైడ్లు చూస్తున్నప్పుడే ఒక అమ్మాయి, ‘ఒక్క సమితే ఉంటే చెడిన జన్యువు దాక్కోడానికి చోటెక్కడ సార్?’ అని అడిగింది. దాక్కోడానికి చోటు లేకపోవడమే ప్రయోగశాలలకు మాస్ నచ్చడానికి ఒక కారణమని చెప్పాను. ఒక జన్యువును తీసేస్తే దాని ఫలితం ఆ మొక్కలోనే బయటపడుతుంది. కప్పిపెట్టే రెండో ప్రతి ఉండదు. 2008లో జన్యుపటం వెలువడిన ఫిస్కోమిట్రెల్లా పేటెన్స్ (ఇప్పటి పేరు ఫిస్కోమిట్రియమ్ పేటెన్స్) అనే చిన్న మాస్ అంత పేరు తెచ్చుకోవడానికి అదీ ఒక కారణం. కరపత్రంలో దాని ఊసే లేదు.

నాలుగోది గుళిక, అంటే సంయుక్తబీజం నుంచి పెరిగి సిద్ధబీజాలను మోసే సంచి, దాని నిలువుకోత. ఇక్కడ నాకు కలిగిన నిరాశ కొంచెం ఎక్కువే. గుళిక గోడా, దాని కాడా రెండు సమితులున్న కణాలతో కట్టినవి. లోపల క్షయకరణ విభజన జరిగి తయారైన సిద్ధబీజాలు మళ్లీ ఒక్క సమితికి వస్తాయి. గుళిక నెత్తిన ఉండే పల్చని టోపీ మాత్రం స్త్రీ బీజాశయపు గోడ నుంచి మిగిలినది గనుక తల్లి మొక్క కణజాలమే, అంటే ఒక్క సమితిదే. ఆ టోపీ ఉన్న లేత గుళికను కోసి ఉంటే తల్లి, బిడ్డ, మనుమలు మూడు తరాలూ ఒకే గాజు మీద కనిపించేవి. 1851లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ రెండు తరాలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయని చూపిన విషయాన్ని చెప్పడానికి అంతకంటే పనికివచ్చే కోత ఉండదు. తయారీదారులు టోపీ తీసి పారేసి, ముదురు గుళికను కోశారు. కోత పల్చగా, రంగు చక్కగా ఉంది, విషయమే జారిపోయింది. అయిదోది, గుళిక నోటి చుట్టూ ఉండే దంతవలయం, మాత్రం ఆ కోపాన్ని కొంత తగ్గించింది: బయట పదహారు, లోపల పదహారు, మొత్తం 32 దంతాలూ ఒక్కటీ విరగకుండా పరుచుకున్నాయి.

ఆరో స్లైడు స్పాగ్నమ్ అనే మాస్ ఆకు. బాగుంది, అంతకంటే చెప్పవలసినది లేదు. ఏడోది పాలీట్రైకమ్ అనే మరో మాస్ ఆకు అడ్డుకోత. ఆడ మగ మొక్కలు నిజంగా వేరువేరుగా ఉండేది పాలీట్రైకమ్‌లో. ‘మగ మొక్క’ చీటీ న్యాయంగా అతకవలసిన చోట ఆకు కోత ఇచ్చి, అతకని చోట ఆ చీటీ అంటించడం విచిత్రం. లింగభేదం గల బ్రయోఫైట్లలో (మాస్‌లు, వాటి దగ్గరి చుట్టాల వర్గంలో) ఆడ మొక్కలో యు క్రోమోజోమ్, మగ మొక్కలో వి క్రోమోజోమ్ ఉండడం, గుళికలో రెండూ కలిసి ఉండి సిద్ధబీజాలకు చెరొకటిగా పంచబడడం కరపత్రంలో ఒక పేరా అయినా పొందవలసిన విషయం. మొక్కలలో లింగ క్రోమోజోములను మొట్టమొదట 1917లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆలెన్ గుర్తించింది ఈ వర్గానికే చెందిన స్ఫీరోకార్పస్ అనే లివర్‌వర్ట్‌లో.

ఇక పుట్టగొడుగులు. ఎనిమిదో స్లైడు మొగ్గ దశలోని పుట్టగొడుగు నిలువుకోత. అది చూడడానికి భూతద్దం చాలు. తొమ్మిదో స్లైడే నన్ను మూడు రోజులు కూర్చోబెట్టింది. చీటీ మీద ‘అగారికస్ బైస్పోరస్, మొప్ప అడ్డుకోత’ అని ఉంది, అంటే బటన్ పుట్టగొడుగు గొడుగు కింది రేకు కోత. బైస్పోరస్ అన్న పేరే ఒక్కో బెసిడియం (మొప్ప మీద సిద్ధబీజాలను మోసే కణం) మీద రెండేసి సిద్ధబీజాలని చెబుతోంది. నేను చూసినప్పుడు చాలా బెసిడియాల మీద రెండే కనిపించాయి గాని, నలభై రెట్ల కటకం కింద సన్న మరను మెల్లగా తిప్పుతూ పోతే వెనుక వరుసలో సిద్ధబీజాలను మోసే మరో రెండు మొనలు తేలి వచ్చాయి. ఇరవై రెండు బెసిడియాలను అలా పరీక్షిస్తే, లెక్కకు అందినవన్నీ మూడు, నాలుగు మొనలవే. అనుమానం తీరక అంగడిలో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగుల డబ్బా ఒకటి తెచ్చి, మొప్పను క్యారెట్ ముక్క నడుమ పెట్టి బ్లేడుతో కోసి చూశాను: అందులో రెండే. ఉత్తర అమెరికాలోని సోనోరా ఎడారిలో నాలుగు సిద్ధబీజాల బైస్పోరస్ ఒకటి ఉన్నమాట నిజమే, 1993లో దానికి బర్నెటియై అనే పేరు పెట్టారు. అయితే మన పెట్టెలోకి అది అంత దూరం నుంచి వచ్చిందని నేను అనుకోను. ఇది పచ్చిక బయళ్లలో మొలిచే అగారికస్ కంపెస్ట్రిస్ వంటి మరో జాతిదై ఉంటుంది.

రెండా నాలుగా అన్నది చాదస్తం కాదు. బటన్ పుట్టగొడుగు బెసిడియంలో క్షయకరణ విభజన తరువాత నాలుగు కేంద్రకాలు వస్తే, అవి రెండు సిద్ధబీజాల్లోకే సర్దుకోవలసి ఉంటుంది గనుక ఒక్కోదానిలోకి రెండేసి చేరతాయి. ఆ రెండూ ఎక్కువసార్లు కలయికకు తగినవే కావడంతో, ఒంటరి సిద్ధబీజం తోడు వెతుక్కోకుండానే పుట్టగొడుగు కాయగలదు. సాగుదారుకు అది వరంలా కనిపించినా, సంకరజాతి కోసం శ్రమించే పరిశోధకుడికి అదే అడ్డుగోడ, ఎందుకంటే సంకరం చేయడానికి కావలసిన ఒంటి కేంద్రకపు సిద్ధబీజాలు అరుదుగా మాత్రమే దొరుకుతాయి. చీటీ సరిగా ఉండి, రెండు రకాల మొప్పలూ పక్కపక్కన పెట్టి ఉంటే, ఈ కథంతా పిల్లలు లెక్కపెట్టి తెలుసుకునేవారు.

పదో స్లైడు కోప్రైనస్ మొప్ప. పెట్టె మొత్తంలో నాకు బాగా నచ్చిన వాటిలో ఇది రెండోది. అగారికస్ కోతలో ఒక బెసిడియం లేతగా, పక్కది ముదురుగా ఉంటే, ఇక్కడ అన్నీ దాదాపు ఒకే దశలో ఉన్నాయి. ఈ పుట్టగొడుగు గొడుగంతటా క్షయకరణ విభజన ఇంచుమించు ఒకే వేళకు సాగుతుంది. ఆ విభజనను పరిశోధించేవారు కోప్రైనస్‌ను ఎంచుకోవడానికి అదే కారణం. పదకొండోది విడి సిద్ధబీజాలు, మామూలుది.

పన్నెండోది షైజోఫిల్లమ్ కమ్యూన్ శిలీంధ్రజాలం, అంటే తంతువుల అల్లిక. మన చిత్తూరు వైపు మామిడితోటల్లో కొట్టి పడేసిన మొద్దుల మీద, బూడిదరంగు విసనకర్రల్లాగా, కింద చీలిన మొప్పలతో కనిపించే పుట్టగొడుగుల్లో ఇదొకటి. స్లైడులో ప్రతి అడ్డుగోడ వద్దా చిన్న కొక్కెం, అదే క్లాంప్, అచ్చు పుస్తకంలో బొమ్మలాగా ఉంది. రెండు వేరు తంతువులు కలిసినా కేంద్రకాలు వెంటనే కలవవు. జంటగా, విడివిడిగా కణం నుంచి కణానికి సాగుతాయి. ప్రతి కొత్త కణానికీ రెండు రకాల కేంద్రకాలూ తప్పక అందేలా చూసేది ఈ కొక్కెమే. ఎవరు ఎవరితో జత కట్టవచ్చో నిర్ణయించేవి ఎ, బి అనే రెండు జన్యు స్థానాలు. రెండింటా తేడా ఉంటేనే కలయిక సంపూర్ణం. అందుకే ఒకే పుట్టగొడుగు నుంచి వచ్చిన తోబుట్టువుల మధ్య నాలుగింట ఒక జతే కుదురుతుంది, పరాయివారితో మాత్రం దాదాపు ఎప్పుడూ కుదురుతుంది. ఈ జాతిలో అలాంటి లైంగిక రకాలు ఇరవై వేలకు పైగా ఉన్నాయని చెప్పినప్పుడు మా వాళ్లు మొదట నవ్వారు, తరువాత లెక్క వేయమన్నారు. సగోత్రం కూడదనే నియమం మనుషులకంటే ముందు వీటికే ఉందని ఒక అబ్బాయి అన్నాడు.

ఇంత మంచి స్లైడుకు కరపత్రం ఇచ్చిన వివరణ ఒక్క వాక్యం: ‘పుట్టగొడుగు ద్వయస్థితిక దశ.’ ద్వయస్థితికమంటే ఒకే కేంద్రకంలో రెండు సమితులుండడం. ఇది పెట్టెలోకెల్లా పెద్ద తప్పు. కాడ, గొడుగు, మొప్ప అన్నీ రెండు రకాల కేంద్రకాలు విడివిడిగా ఉన్న కణాలే. రెండు కేంద్రకాలు కలిసి నిజంగా ద్వయస్థితికమయ్యేది ఒక్క బెసిడియంలో, అదీ క్షయకరణ విభజన మొదలయ్యేదాకానే. మాస్‌లో సంయుక్తబీజం విభజనలు చెంది కాడనూ గుళికనూ కట్టుకుంటే, పుట్టగొడుగులో ఆ దశ ఒక్క కణంతో సరి. రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టినందుకు చూపవలసిన తేడాయే అది. మామూలు రంగులలో కేంద్రకాల జంట విడిగా కనిపించదు కాబట్టి, కొక్కేన్ని చూపి జంటను ఊహించమనడం తప్ప దారి లేదు. ఆ ముక్క కరపత్రమే చెప్పి ఉండవలసింది. దీనికి తోడు మాస్‌ను ఒకచోట ‘నాచు’ అనీ, మరోచోట ‘పాచి’ అనీ రాశారు. కోనేటి మెట్ల మీది శైవలాన్ని కూడా మనం ఆ మాటలతోనే పిలుస్తాం గనుక, పాఠం చదివే పిల్లవాడికి ఇది అదనపు గందరగోళం.

ఈ తప్పులన్నీ రాసుకుని దుకాణానికి వెళ్తే, యజమాని ఓపికగా విన్నారు. ‘అంబాలా నుంచి ఎట్లా వస్తే అట్లే ఇస్తాం సార్, మేము విప్పి చూసేది లేదు. మీరు సరిచేసి రాసిస్తే ఇకపై పెట్టెలో అదే పెడతాం’ అన్నారు. రెండు పుటల సవరణ రాసి ఇచ్చాను. నా తరువాత కొన్న ఒక కళాశాల అధ్యాపకుడికి దాని జిరాక్స్ ప్రతి పెట్టెలో వచ్చింది. చీటీలు మాత్రం ఇంకా పాతవే.

నలభై కటకం ఉన్న సూక్ష్మదర్శిని ఇంట్లోనో బడిలోనో ఉన్నవారు ఈ పెట్టె కొనవచ్చు. పది కటకంతో సరిపెట్టుకునేవారికి తొమ్మిది నుంచి పన్నెండు వరకు స్లైడ్లు దండగ. బేరమాడితే నూటయాభై తగ్గిస్తారు. కొనేముందు నాలుగో స్లైడును వెలుతురుకు పట్టి చూసి, గుళిక మీద టోపీ ఉన్నది దొరికితే దానినే అడిగి తీసుకోండి. తిరుపతి ఎండలకు అతికించిన జిగురు మెత్తబడి కవర్ గాజు జారే అవకాశం ఉంది కాబట్టి, వేసవిలో పెట్టెను స్లైడ్లు నిలబడేలా కాక పడుకునేలా తిప్పి, కిటికీకి దూరంగా ఉంచాలి.