నాటే మొక్కకు గింజ ఎక్కడిది మేలు? పాలమూరు గుట్టలకు పైన్ అడవులు చెప్పే సంగతి

తొలకరికి ముందు పాలమూరు, నల్లగొండ నర్సరీల్లో ఏటా ఇదే చర్చ. గుట్టల మీద, చెరువు కట్టల మీద పెట్టే వేప, ఇప్ప, నల్లమద్ది మొక్కలకు గింజ చుట్టుపక్కల చెట్ల కిందే ఏరుకోవాలా, మనకంటే పొడి నేలల నుంచి తెప్పించాలా, లేదంటే తొందరగా ఎదిగే ఎంపిక రకం కొనాలా? చాలామంది అందుబాటులో ఉన్నది తెచ్చి కవర్లలో పెట్టేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. అరవై, డెబ్బై ఏళ్లు ఉండాల్సిన చెట్టు విషయం అది.

దీని మీద అందరికంటే ఎక్కువకాలం పనిచేసింది చలిదేశాల్లో పైన్, స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు పెంచేవాళ్లు. ఫ్రాన్స్‌లో డ్యుహామెల్ డు మోన్సో అనే వృక్ష శాస్త్రవేత్త 18వ శతాబ్దంలోనే వేర్వేరు దేశాల స్కాట్స్ పైన్ (ఒక పైన్ జాతి) గింజలు తెప్పించి పక్కపక్కనే పెంచాడు. 1930లలో స్వీడన్‌లో ఓలోఫ్ లాంగ్లెట్ అనే అటవీ శాస్త్రవేత్త వందల చోట్ల నుంచి తెచ్చిన ఆ పైన్ గింజలను పోల్చి చూశాడు. తేలిందేమంటే, ఉత్తరానికి పోయేకొద్దీ చెట్టు స్వభావం కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. రాత్రులు పొడవవుతున్నాయని పసిగట్టి ఉత్తరాది చెట్టు ముందే ఎదుగుదల ఆపి మొగ్గ మూసుకుంటుంది. దక్షిణాది గింజను అక్కడ నాటితే ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ లేత కొమ్మలు తొలి మంచుకే మాడిపోతాయి.

పైన్ పుప్పొడి గాలికి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. అన్నీ కలిసిపోయి తేడాలు చెరిగిపోవాలి కదా! చెరిగిపోవు. మొలిచిన వేల మొక్కల్లో ఆ చోటికి సరిపడనివాటిని చలో, కరువో ప్రతి తరంలో ఏరేస్తూ ఉంటుంది. పైగా చోటుకు తగ్గట్టు ఎదుగుదల ఆపే ఈ గుణాన్ని నడిపేది ఒక్క జన్యువు కాదు. ఒక్కోటి కొంచెం కొంచెం పనిచేసే జన్యువులు ఎన్నో ఉంటాయి. ఉత్తర అమెరికాలోని లాడ్జ్‌పోల్ పైన్, ఇంటీరియర్ స్ప్రూస్ జాతులు ఒకే మూలం నుంచి దాదాపు 14 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. అయినా వాతావరణానికి సర్దుకోవడంలో రెండూ వాడుకుంటున్న జన్యువులు 47 ఉన్నాయని 2016లో ఒక పరిశోధన చూపింది.

ఇక మన గింజల దగ్గరికి వస్తే, నా మొదటి ఓటు స్థానిక గింజకే. మన ఎండకు, మన చెల్క నేలకు, వాన మొహం చాటేసిన ఏళ్లకు తట్టుకుని నిలిచిన తల్లి చెట్టు పిల్లలవి. కాకపోతే స్థానికం అంటే జిల్లా హద్దు అనుకోకూడదు. పైన్ కుటుంబానికే చెందిన డగ్లస్ ఫర్ చెట్లలో ఒకే లోయలో ఎత్తు మారితేనే జన్యువుల్లో తేడా కనిపించింది. మన దగ్గరా నల్లమలలో మన్ననూరు పైన పీఠభూమి వేరు, దిగువన సోమశిల కృష్ణ ఒడ్డు వేరు. దూరం తక్కువే గానీ ఎండ, తేమ ఒకటి కావు. రెండోది, ఊరి మధ్య ఒంటరిగా ఉన్న ఒక్క చెట్టు కింద సంచి నింపుకోవడం చాలా తప్పు. అందులో దగ్గరి చుట్టరికపు గింజలే ఎక్కువ, నీరసపు మొక్కలు వస్తాయి. కనీసం పాతిక ముప్పై చెట్లు, ఒకదానికొకటి యాభై నుంచి వంద మీటర్ల దూరంలో ఉన్నవి చూసుకోవాలి.

పొడి నేలల గింజ సంగతి ఆలోచించాల్సిందే, ఎందుకంటే వాతావరణం మారుతోంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1974లో 140 చోట్ల నుంచి తెచ్చిన లాడ్జ్‌పోల్ పైన్ గింజలను 60 స్థలాల్లో నాటారు. ఆ జాతి పెరిగే ప్రాంతంలో చలి ఎక్కువున్న అంచున చెట్లకు కాస్త వేడి పెరిగితే మేలే జరుగుతుందని, వేడి అంచున మాత్రం నష్టమని ఆ తోటల లెక్కలు చెప్పాయి. మనం ఉన్నది వేడి అంచునే. అమెరికాలో టెక్సస్‌లోని బాస్ట్రాప్ దగ్గర లాబ్లాలీ పైన్ అనే జాతి చెట్ల గుంపు ఒకటి అసలు అడవికి పడమరగా, పొడి నేలలో ఒంటరిగా బతుకుతోంది. దాని పిల్లలు నెమ్మదిగా ఎదుగుతాయి గానీ కరువులో నిలబడతాయి. ఆ లెక్కన మహబూబ్‌నగర్ వాళ్లు ఎండ కోసం మిర్యాలగూడ వైపు, వాన తక్కువ కోసం అనంతపురం వైపు చూడొచ్చు. మొత్తం అక్కడిదే తేవడం మాత్రం వద్దు. నాలుగో వంతు చాలు.

ఎంపిక రకాలు, టిష్యూకల్చర్ టేకు (ఒకే చెట్టు ముక్కల నుంచి ల్యాబ్‌లో పెంచినది) లాంటివి బోరు నీళ్లున్న సొంత పొలానికి బాగానే ఉంటాయి. కలప కోసం పెట్టేవాళ్లను నేను కాదనను. గుట్ట మీదికి మాత్రం వద్దు. అన్నీ ఒకే చెట్టు నకళ్లైతే ఒక పురుగుకో, ఒక కరువుకో తోట మొత్తం పోతుంది.

నల్లమల అంచున, గుట్టల మీద, బీళ్లలో నాటేవాళ్లకు నా మాట ఇది: ముప్పావు వంతు దగ్గరి గింజ, మిగతాది పొడి నేలది. వేపకైతే తొందర ముఖ్యం. పసుపు తిరిగిన పండ్లు కోసిన రోజే గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపే కవర్లలో పెట్టేయాలి. ఆలస్యమైతే గింజలో ప్రాణం ఉండదు. అనంతపురం నుంచి తెప్పిస్తే గాలాడే గోనెసంచిలో తేవాలి, ప్లాస్టిక్‌లో మూట కడితే బూజు పడుతుంది. ప్రతి వరసకు గింజ ఏ ఊరిదో, ఎన్ని చెట్లదో రిజిస్టర్‌లో రాసి పెట్టుకోండి. నాటేటప్పుడు కూడా ఏ వరస ఎక్కడ పెట్టారో గుర్తు వేయండి. నాలుగైదు వేసవులు గడిచాక ఏ ఊరి గింజ నిలిచిందో లెక్కపెట్టి, తర్వాతి ఏడాది వాటా మార్చుకోవచ్చు.