ఎన్‌వీడీఏ చాలాకాలం వాడాక: ఇన్‌సర్ట్, ఎఫ్7 గురించి

ఎన్‌వీడీఏ అంటే చూపులేనివాళ్లకి కంప్యూటర్ తెరమీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం. ఎలా దింపుకోవాలో అన్నిచోట్లా ఉంది, అది వదిలేస్తున్నా. నాకు దీంట్లో బాగా నచ్చింది ఒక్కటే: ఇన్‌సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే వచ్చే జాబితా. పేజీలో ఉన్న లింకులు, హెడింగులు, బటన్లు పేర్లతో వరసగా వచ్చేస్తాయి. బొమ్మల్లేవు, రంగుల్లేవు. 2006లో ఎన్‌వీడీఏని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ఆయన, మైఖేల్ కరన్, తనే చూపులేని మనిషి. అందుకేనేమో, అనవసరమైనది ఒక్కటీ కనపడదు.

మా వదినది దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల షాపు. లాడ్ బజార్ నుంచి లక్క గాజులు తెచ్చి ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతుంది, సైట్ చూసుకునేది నేను. సైట్ చేసిచ్చినవాళ్లు చూపులేనివాళ్లూ వాడగలరా లేదా అని పరీక్షించే ఏదో ఆటోమేటిక్ చెకర్‌లో పెట్టి, వందకి 97 వచ్చిందని స్క్రీన్‌షాట్ పంపారు. ఆ నంబరంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. మలక్‌పేట నుంచి చూపులేని ఒకావిడ ఎప్పుడూ ఫోన్‌లోనే ఆర్డరిచ్చేది. సైట్ ఉంది కదమ్మా అని వదిన అంటే, "మీ సైట్ ఏ సైజు పడిందో చెప్పదు, రంగు పేరే ఎత్తదు" అంది.

ఎఫ్7 నొక్కాక సంగతి బయటపడింది. లింకుల జాబితా నిండా "వివరాలు, వివరాలు, వివరాలు". ఏ గాజుల వివరాలో దేవుడికే తెలియాలి. బటన్ల కింద కార్ట్ ఒక్కటే. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ సైజుల గళ్లు, రంగుల చుక్కలు లేనే లేవు. వాటిని ఉత్త డివ్‌లుగా, అంటే తామేంటో కోడ్‌లో చెప్పుకోని డబ్బాలుగా పెట్టి, మౌస్‌తో నొక్కితే పనిచేసేలా చేసి వదిలేశారు. బటన్‌నని చెప్పుకోనిదాన్ని చెకర్ బటన్‌గా లెక్కపెట్టదు, పేరు లేదని తప్పూ పట్టదు. ఫొటోలదీ అదే కథ. ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చదివి వినిపించడానికి రాసే మాట, ఉందా అని చూసింది, ఉంది. అందులో రాసి ఉన్నది కెమెరా పెట్టిన ఫైలు పేరు.

సైజులు, రంగులు రేడియో బటన్లుగా (వరసలో ఒక్కదాన్నే ఎంచుకునే బటన్లు) మార్పించి, ప్రతి రంగుకీ పేరు పెట్టించాం: చిలకపచ్చ, వంకాయ రంగు, నెమలికంఠం, రాణి కలర్. పేర్లు పైకి కూడా కనపడేలా ఉంచాం. ఇక్కడే నేను ఊహించనిది జరిగింది. "అది మెరూనా, ఎరుపా అక్కా?" అని చూపున్నవాళ్లు చేసే ఫోన్లు తగ్గిపోయాయి. ఫోన్ స్క్రీన్‌లో రంగు ఎవరికీ సరిగ్గా తెలియదు మరి. ఇప్పుడు కొత్త సరుకు రాగానే వదిన ముందు రంగు పేరు ఆలోచిస్తుంది. దానికెంతసేపు పడుతుందనేది వేరే విషయం.

ఎఫ్7 ఒక్కటి చాలని అప్పట్లో తెలిసినవాళ్లందరికీ చెప్పా. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెబుతా. తెలుగు పేర్లు జాబితాలో చక్కగానే కనపడ్డాయి, చదవమంటే మాత్రం గందరగోళం. పేజీ భాష ఇంగ్లీషని కోడ్‌లో ఉండటంతో ఇంగ్లీషు గొంతే తెలుగు చదవబోయింది. ఆ ముక్కలకి భాష తెలుగని రాయించాక దారికొచ్చింది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రోబోలా ఉంటుందనుకోండి. ఇక మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి, మసకచూపు వాళ్లకి అది చాలా ముఖ్యం. అది చెవికి వినపడేది కాదు, దానికోసం మళ్లీ ఆ చెకర్ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. పైగా ఎన్‌వీడీఏ విండోస్‌కే. మా గిరాకీ అంతా ఫోన్లలో, అక్కడ ఆండ్రాయిడ్‌లో చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో మళ్లీ మొదట్నుంచీ వినాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఎలాగూ ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెద్ద కంపెనీలైతే డబ్బిచ్చి, చూపులేని టెస్టర్లతోనే చూపించుకోవాలి. మాది ఇద్దరం నడిపే షాపు, దీనికంటూ బడ్జెట్ లేదు, సాయంత్రాలు నాకు ఖాళీ. అలాంటివాళ్లయితే ఎన్‌వీడీఏ పెట్టుకోమంటా. మలక్‌పేట ఆవిడ ఇప్పుడు గాజులు తనే ఎంచుకుని కార్ట్‌లో వేస్తోంది. డబ్బు కట్టే పేజీ మా చేతిలో లేదు, అక్కడ ఓటీపీ కొట్టేలోపే టైం అయిపోతోందట. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టమంటే వదిన ఒప్పుకోవడం లేదు.